రెండో డిస్కు

చెక్కే యంత్రం మోకాలి గుంట దాకా వచ్చి ఆగిపోయింది. తెల్లటి ఫోమ్ దిమ్మ మీద గుయ్‌మంటూ తిరుగుతున్న ములుకు నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, చివరి చుట్టు పూర్తి చెయ్యకుండానే నిలిచిపోయింది. వర్క్‌షాపులో ఫ్యాన్లు ఆగాయి. పక్కగదిలో యూపీఎస్ కీచుమని ఒకసారి అరిచింది. రెండో అరుపు కోసం, కంప్యూటర్లు చూసుకునే సిస్టం మేడం కుర్చీలోంచి సగం లేచి ఆగింది. కరెంటు పోయినప్పుడు అది అరుస్తూనే ఉండాలి. అరుస్తున్నంతసేపూ సర్వరు బతికున్నట్టే. రెండో అరుపు రాలేదు. బల్ల కింద సర్వరు పెట్టె దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

"పోయింది," అందామె, తనలో తనే.

బయట బోర్డు మీద కృత్రిమ అవయవాల కేంద్రం అని ఉంటుంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అది కాళ్ళ ఆఫీసు. "మా కోడలు కాళ్ళ ఆఫీసులో పని" అని ఆమె అత్తగారు చెప్పినప్పుడల్లా కొత్తవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక మొహాలు చూసుకుంటారు. కాలు పోయినవాళ్ళు వస్తే, మిగిలిన భాగం చుట్టూ చేతి కెమెరా తిప్పి కొలత తీస్తారు. తెర మీద అది బూడిదరంగు బొమ్మగా లేస్తుంది. ఎముక ఒరుసుకునే చోట కాస్త వదులు, కండ ఉన్నచోట కాస్త బిగువు, అలా రోజులకొద్దీ దిద్దుతారు. దిద్దిన బొమ్మను యంత్రం ఫోమ్‌లో చెక్కుతుంది. దాని మీద కాలు దూర్చుకునే సాకెట్ పోస్తారు. ఆ బొమ్మలన్నీ ఆమె బల్ల కింద ఉన్న ఒకే సర్వరులో ఉంటాయి. అందులో జంట డిస్కులున్నాయి. ఒకదాని మీద ఏది రాసినా రెండోదాని మీద కూడా పడుతుంది, అద్దంలో పడ్డట్టు. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందన్న ధైర్యం. వేరేచోట నకలు తీసి దాచే పెట్టె ఇంకొకటి ఉండేది. అది పాడైంది. కొత్తది కావాలని అడిగినప్పుడల్లా "కొత్త మీటింగు హాలు పని అవనీ" అనేవారు డైరెక్టరు గారు. హాలు పని అయింది. పెట్టె రాలేదు.

కరెంటు వచ్చేలోగా ఆమె బల్ల కిందకి దూరి తీగలన్నీ బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఎప్పుడూ చేసే పనే. మొదటి డిస్కు తీగ మాత్రం టిక్కుమంది. అన్నాళ్ళూ లోపలికి పూర్తిగా దిగకుండా, తగిలీ తగలనట్టు ఉందన్నమాట. ఆ చిన్న చప్పుడు ఆమెకు నచ్చలేదు.

కరెంటు వచ్చింది. సర్వరు లేవలేదు. నల్లటి తెర మీద నాలుగు వరసల అక్షరాలు మాత్రం వచ్చాయి. రెండు డిస్కులూ ఒకదానితో ఒకటి సరిపోవడం లేదు. మొదటిదాన్ని బట్టి రెండోదాన్ని సరిచెయ్యాలా? అవును. కాదు.

కంపెనీ సర్వీసు ఇంజనీరు ఫోనులో తొందరలో ఉన్నాడు. "రెండోది దెబ్బతినుంటుంది మేడం. ఎప్పుడూ మొదటిదే అసలు. ఎస్ కొట్టెయ్యండి, వెనకాల అదే కాపీ చేసుకుంటుంది."

"ఏది కొత్తదో చూడకుండా ఎలాగండీ?"

"కొత్తా పాతా ఏముంది మేడం? అద్దం కదా, రెండూ ఒకటే."

"ఒకటే అయితే సరిపోవడం లేదని ఎందుకంటోంది?"

అవతల ఎవరో పిలిచినట్టున్నారు, అతను మళ్ళీ చేస్తానని పెట్టేశాడు.

డైరెక్టరు గారు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. ఆయన చాలాకాలం ఆపరేషన్లు చేసిన డాక్టరు. కత్తి పట్టినవాడికి ఆగడం చేతకాదని తన మీద తనే జోకు వేసుకుంటారు. విరాళాలిచ్చే ట్రస్టువాళ్ళు ఇంకాసేపట్లో వస్తారు. యంత్రం కాలు చెక్కుతుండగా వాళ్ళు చూడాలి.

"ఏమంటున్నాడమ్మా ఇంజనీరు?"

"ఎస్ నొక్కమంటున్నాడు సార్. కానీ ఒక్క నిమిషం. నాకు ఈ మొదటి డిస్కు మీద అనుమానంగా ఉంది."

"తెలిసినవాడు నొక్కమంటున్నాడుగా?"

"ఒక్క నిమిషం సార్, డిస్కు చూసి చెప్తాను." ఆమె టార్చి తీసుకుని మళ్ళీ బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుంది. మొదటి డిస్కు అంచున దుమ్ము పొరలా పేరుకుంది. హాలు కట్టడం మొదలుపెట్టినప్పుడు ఈ పెట్టెను పాత గదిలోంచి ఇక్కడికి మోసుకొచ్చారు. అప్పుడామె ఇక్కడ లేదు, ఆ ఉద్యోగంలో ఇంకెవరో ఉన్నారు. అప్పుడే తీగ వదులైతే? అప్పట్నుంచీ పనంతా రెండో డిస్కు మీదే జరిగి, మొదటిది ఉత్తినే కూర్చుని ఉంటే?

తల మీద, బల్లపైన, మీట నొక్కిన చప్పుడు వినిపించింది.

"నొక్కేశానమ్మా," అన్నారు డైరెక్టరు గారు. "చూడు, వస్తోంది."

వచ్చింది. తెర వెలిగింది, వర్క్‌షాపులోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. డైరెక్టరు గారు ఆమె భుజం తట్టబోయి, ఆమె ఇంకా బల్ల కిందే ఉందని గమనించి, నవ్వుతూ వెళ్ళిపోయారు.

గది బయట బెంచీ మీద కండక్టరు కూర్చుని ఉన్నాడు. దిగేవాళ్ళని దించుతుంటే వెనకనుంచి వచ్చిన లారీ అతని కుడికాలిని మోకాలి కిందనుంచి తీసుకుపోయింది. మళ్ళీ డ్యూటీలో చేరాలంటే శుక్రవారం డిపో డాక్టరు ముందు నడిచి చూపించాలి. ఆరునెలలుగా అతని సాకెట్ దిద్దుతూనే ఉన్నారు. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఒరిసేది. పోయినవారమే బొమ్మ కుదిరింది. సగంలో ఆగిన ఫోమ్ దిమ్మ అతనిదే.

"మీ నంబరు చెప్పండి," అంది ఆమె.

కంఠతా వచ్చిన నంబరు చెప్పాడు. ఏమీ రాలేదు. పేరు కొట్టింది. ఏమీ రాలేదు.

"ఈ పేరుతో ఎవరూ లేరంటోంది."

"లేనా?" కండక్టరు చంకకర్ర మీదకు వంగి తెరకేసి చూశాడు. "టికెట్టు లేకపోతే దింపేస్తారు గానీ, మనిషే లేడంటారా మేడం?"

ఆమె నవ్వలేదు. చివరగా చేరిన పేషెంట్ల జాబితా తెరిచింది. చిట్టచివరి పేరు హాలుకు పునాది తవ్వకముందు వచ్చిన ఒక ముసలాయనది. ఆ తరవాత లోకంలో ఎవరికీ కాలు పోనట్టు జాబితా అక్కడితో ఆగిపోయింది. ఆరోజు నిద్రపోయిన మొదటి డిస్కు ఇవాళ లేచి కూర్చుని, తనకు తెలిసిందే నిజమంటోంది. ఇవాళ్టిదాకా మేలుకుని ఉన్నది రెండో డిస్కు. మూలన ఒక చిన్న గీత పాకుతోంది. సరిచేస్తున్నాను, కాసేపు ఆగండి. పాతది వెళ్ళి కొత్తదాని మీద, మొదటి వరసనుంచి, ఒక్కొక్క గడినే తుడుస్తూ పడుతోంది.

ఆమె ఆగలేదు. వంగి, రెండో డిస్కు అరను సొరుగు లాగినట్టు నడుస్తుండగానే బయటికి లాగేసింది. పెట్టె కేకలు పెట్టింది. డిస్కు చేతిలో వేడిగా, ఇంకా లోపల తిరుగుతూ, పట్టుకున్న పిట్టలా అదిరింది.

గీత పదోవంతు దాటలేదు. దాటలేదు గానీ, మొదటి పదోవంతులోనే అన్ని బొమ్మల పేర్లూ, ఎక్కడుందీ అన్న జాడలూ ఉంటాయి.

*

ట్రస్టువాళ్ళు హాల్లో ఏసీ కింద కూర్చుని, ఆగిపోయిన యంత్రాన్ని చూసి, తలలూపి వెళ్ళిపోయారు. వాళ్ళ కారు గేటు దాటగానే డైరెక్టరు గారు అందర్నీ వరండాలోకి పిలిచారు. ఆయన మొహం ఎర్రగా ఉంది. సిస్టం మేడం ఆయనకు చెప్పింది ఒక్క ముక్కే: కొత్త బొమ్మలన్నీ పోయినట్టున్నాయి సార్, తీయడానికి ప్రయత్నిస్తాను. ఎలా పోయాయో ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

"ఫ్యూజు బాబాయి ఎక్కడ?"

ఎలక్ట్రీషియను వెనకనుంచి ముందుకొచ్చాడు. జేబులో టెస్టరు, చెవి మీద పెన్సిలు. ఫ్యూజులు పోయినప్పుడు తప్ప కనపడడని చిన్నా పెద్దా అందరూ అలాగే పిలుస్తారు. డైరెక్టరు గారు కూడా.

"నీ కరెంటు మూలంగా రెండొందల మంది కాళ్ళు పోయాయయ్యా!"

ఎవరో కిసుక్కున నవ్వబోయి దగ్గు కింద మార్చుకున్నారు.

"యూపీఎస్ అరగంట ఆగాలి. అర నిమిషం ఆగలేదు. బ్యాటరీలు చూసేది నువ్వే కదా?"

"బ్యాటరీలు బానే ఉన్నాయి సార్. హాలు ఏసీ కూడా ఆ లైను మీదే ఉంది. అంత బరువు అది మొయ్యలేదు. వెయ్యొద్దని ఆరోజే చెప్పాను."

"ఎవరికి చెప్పావు?"

ఫ్యూజు బాబాయి డైరెక్టరు గారి మొహంలోకి చూశాడు. చెప్పింది ఆయనకే. అది ఆయనకీ గుర్తుండే ఉంటుంది.

"ప్రతివాడికీ ఒక సాకు. రేపట్నుంచి రాకు. ఏం జరిగిందో తేలాక పిలుస్తాం."

ఫ్యూజు బాబాయి చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. అప్పుడు సిస్టం మేడం వైపు తిరిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. చెప్పు. కరెంటు పోయినంత మాత్రాన బొమ్మలు పోతాయా?"

పోవు. కరెంటు పోయి వచ్చాక కూడా రెండో డిస్కులో బొమ్మలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆ మీట నొక్కేదాకా ఉన్నాయి. ఆమెకు తెలుసు. నాలుక కొసన ఉంది. డైరెక్టరు గారు ఆమెనే చూస్తున్నారు. ఏటేటా ఆమె కాంట్రాక్టు కాగితం మీద పడే సంతకం ఆయనది. ఈ ఏటిది ఇంకా పడలేదు.

"ఇంకా చూడాలి బాబాయ్," అంది.

బాబాయి తలూపాడు. టెస్టరు తీసి వాచ్‌మన్ చేతిలో పెట్టి, సైకిలు తాళం వెతుక్కుంటూ వెళ్ళాడు.

*

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె భర్త వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. అతను పనిచేసే అచ్చాఫీసు మూతపడ్డప్పట్నుంచీ వంట అతనిదే. అత్తగారు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళని చూస్తోంది.

"మొహం అలా వేలాడేశావేం? జ్వరం యంత్రానికా, నీకా?" అంది అత్తగారు.

ఆమె చేతిసంచిని గోడవారగా నిలబెట్టింది. డిస్కు అందులోనే ఉంది. టవల్లో చుట్టి, చంటిపిల్లను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చింది. ఆఫీసులో వదిలితే ఎవరో మంచి చెయ్యబోయి మళ్ళీ అందులో దూరుస్తారని భయం. జరిగిందంతా భర్తకు చెప్పింది. అతను కత్తి ఆపకుండా విన్నాడు.

"ఊరుకుని మంచి పని చేశావు," అన్నాడు చివర్న. "సంతకం పెట్టేది ఆయనే."

"అందుకే ఊరుకున్నాను."

"మంచి పనే," అని మళ్ళీ అన్నాడు గానీ తలెత్తి చూడలేదు. ఉల్లిపాయలకు అతని కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.

"ఆ ఫ్యూజాయనకి ఇంట్లో ఎవరెవరున్నారే?" అని అడిగింది అత్తగారు.

"ఎవరూ లేరత్తయ్యా. ఒక్కతే కూతురు, వేరే ఊళ్ళో ఉంటుంది."

"అయితే ఇంకా కష్టం. ఇంటికొచ్చి తిట్టుకోడానికైనా ఒక మనిషుండాలి."

ఆమె అన్నం కెలికి లేచింది. సంచిని మంచం కింద పెట్టింది. పిల్లి తన్నుతుందేమోనని తీసి బీరువాలో పెట్టింది. బీరువాలో తేమ ఉంటుందేమోనని తీసి తలగడ పక్కన పెట్టుకుంది.

"అమ్మకి కొత్త పాప పుట్టింది," అంది పక్క మీద పడుకున్న ఆమె కూతురు. ఎవరూ నవ్వలేదు.

*

మంగళవారం పొద్దున్నే ఖాళీ డిస్కు ఒకటి కొనుక్కుని వెళ్ళింది. వర్క్‌షాపు మూల పడి ఉన్న పాత కంప్యూటరును తన గదిలోకి తెచ్చి తుడిచి, దానికి రెండో డిస్కును తగిలించింది. తగిలించేముందు, ఆ కంప్యూటరు దాన్ని చదవాలే తప్ప దాని మీద చుక్క కూడా రాయకూడదని కట్టడి చేసి, సరిగ్గా చేసిందో లేదో చూసి, చెయ్యి మీట మీద పెట్టాక మళ్ళీ ఒకసారి చూసింది. ముందు ఉన్నదున్నట్టుగా మొత్తం నకలు. ఏం వెతికినా, ఏం పాడుచేసినా నకలు మీదే. అసలుదాని జోలికి పోకూడదు.

నకలు నత్తనడక నడిచింది. మధ్యమధ్యలో డిస్కు టక్, టక్ మని గోరుతో బల్ల కొట్టినట్టు చప్పుడు చేసి ఆగేది. అప్పుడల్లా ఆమె కుర్చీ ముందుకు జరుపుకునేది. అరచెయ్యి పెట్టి చూస్తే పెనంలా కాలుతోంది. టేబుల్ ఫ్యాను తెచ్చి దాని మీదకి తిప్పింది. చప్పుడు తగ్గింది. తగ్గినందుకు ఇంకో భయం పట్టుకుంది, అసలు ఆగిపోయిందేమోనని.

నిన్నటివరకూ ఫ్యాను స్విచ్చి బోర్డు వదులైతే "బాబాయ్" అని ఒక కేక వేసేది. ఇప్పుడు ఆ బోర్డుకు తనే రబ్బరు బ్యాండు చుట్టింది.

డైరెక్టరు గారు పొద్దుటినుంచీ గుమ్మం దాకా వచ్చి పోతున్నారు. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు.

"ఎందాకా వచ్చిందమ్మా?"

"నడుస్తోంది సార్."

"తీసుకో, టైము తీసుకో." నిన్న ఒక్క నిమిషం ఆగలేని మనిషి. మధ్యాహ్నం తనే టీ గ్లాసు పట్టుకొచ్చి, గుమ్మంలోంచి చెయ్యి చాపి బల్ల చివర పెట్టి వెళ్ళారు. ఆ చేతిని ఆమె చూడకుండా ఉండలేకపోయింది. గోళ్ళు పొట్టిగా కత్తిరించి, చాలా శుభ్రంగా ఉంది.

కండక్టరు బెంచీ వదల్లేదు. "డిపోలోనూ కూర్చోవడమేగా, ఇక్కడ నీడైనా ఉంది," అనేవాడు. కాసేపాగి, ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు, "శుక్రవారం వెళ్ళకపోతే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో," అనుకునేవాడు.

బుధవారం ఆమె వచ్చేసరికి నకలు పూర్తయి ఉంది. ఎక్కడో కొన్ని గడులు చదవలేకపోయానని కంప్యూటరు రాసింది. అసలు డిస్కును తీసి టవల్లో చుట్టి పెట్టి, నకలును గాలించడం మొదలుపెట్టింది. పేర్లూ జాడలూ లేవు కాబట్టి మొదటినుంచి చివరిదాకా గడి గడీ వెతికి, బొమ్మలా కనిపించిన ప్రతిదాన్నీ బయటికి లాగాలి. చాలాసేపు ఏమీ రాలేదు. తరవాత ఒకటి వచ్చింది. తరవాత రెండు. భోజనాల వేళకు ధారగా రావడం మొదలైంది. కాళ్ళు, మోకాలి పైవీ కిందవీ, ఎడమవీ కుడివీ, బూడిదరంగులో, మెల్లగా తిరుగుతూ.

ఒక్కదానికీ పేరు లేదు.

ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది పరిస్థితి, ఒడ్డు కనిపిస్తోంది గానీ ఎక్కడానికి పట్టు లేదు. ఒకరి కొలతతో ఇంకొకరికి సాకెట్ పోస్తే మొదటి రోజే పుండు పడుతుంది.

"ఆపండాపండి," అన్నాడు వెనకనుంచి కండక్టరు. ఎప్పుడు లోపలికొచ్చాడో తెలియదు. "రెండు స్టాపులు వెనక్కి పోనివ్వండి. ఆఁ, అదీ. హోల్డాన్. అది నాదే."

"ఎలా తెలుసు?"

"ఎలా తెలుసేంటండీ!" అతను కుర్చీలో కూర్చుని పంట్లాము పైకి మడిచాడు. మోకాలి కింద లోపలివైపు, పాత బస్సు మెట్టు ఎప్పుడో కోసిన గాటు ఒక చిన్న లోయలా ఉంది. తెర మీది బొమ్మలోనూ అక్కడే, అదే వంపుతో, చిన్న నీడ. "రోజూ నూనె రాసేది నేనే కదా."

ఆమె టేపు తెచ్చి నాలుగుచోట్ల కొలిచింది. బొమ్మతో పోల్చింది. మళ్ళీ కొలిచింది. అతనిదే. ఆరునెలలు దిద్దిన వంపులన్నీ ఎక్కడివక్కడున్నాయి.

"ఉన్నారు," అంది. "మీరు ఉన్నారు."

"ఉండకేం," అన్నాడతను. తెర మీద తిరుగుతున్న తన కాలినే చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే రిసెప్షన్‌లోంచి ఫోన్లు వెళ్ళాయి. గురువారం వరండా నిండిపోయింది. ఒక్కొక్కరే లోపలికొచ్చి, తెర ముందు కూర్చుని, తమ కాళ్ళను వెతుక్కున్నారు. కొందరికి క్షణం పట్టింది. కొందరు మూడు నాలుగింటి దగ్గర తడబడితే టేపు తేల్చింది. కూరగాయలమ్మే ఒక పెద్దావిడ ప్రతి బొమ్మకూ తల అడ్డంగా ఊపింది. "ఇది నాది కాదమ్మా. నా కాలికి ఇంత అందమెక్కడిది!" చివరికి తనది కనిపించినప్పుడు మాత్రం తెర మీద వేలు పెట్టి, ఆ వేలిని కళ్ళకద్దుకుంది. నాలుగైదు బొమ్మలు చదవలేని గడుల్లో పడి చిరిగిపోయాయి. ఆ నలుగురైదుగురికీ మళ్ళీ కొలతలు తీశారు. పక్కగదిలో చెక్కే యంత్రం ఆగకుండా గుయ్‌మంటూనే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం కండక్టరు ఫోను చేశాడు. డిపో డాక్టరు బస్సెక్కించి దింపాడట, మళ్ళీ ఎక్కించాడట. బస్సులో డ్యూటీకి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర వేశారు.

"కూర్చునే ఉద్యోగమే మేడం. కానీ నిలబడి వచ్చాను."

*

శనివారం డైరెక్టరు గారు తన గదికి పిలిచారు. కాంట్రాక్టు కాగితం బల్ల మీద ఉంది. సంతకం పెట్టి ఉంది. ట్రస్టువాళ్ళకు ఫోను చేసి ఆమె గురించి చెప్పానన్నారు. నకలు పెట్టె కూడా తెప్పిస్తామన్నారు. ఆమె కాగితం అందుకుంది గానీ లేవలేదు.

"ఇంకేమైనా ఉందా అమ్మా?"

వారంరోజులుగా గొంతులో అడ్డం పడ్డది అక్కడే ఉంది. సంతకం పడ్డాకే దానికి నోరొస్తున్నందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"కరెంటు వల్ల ఏమీ పోలేదు సార్."

"మరి?"

"రెండో డిస్కు బావుంది. కరెంటు వచ్చాక కూడా బావుంది. పాతది దాని మీద పడ్డం, ఎస్ నొక్కాక మొదలైంది."

"ఎవరు నొక్కారు?"

"మీరే సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచారు. "నాకు గుర్తులేదు," అన్నారు. కిటికీలోంచి వర్క్‌షాపు చప్పుడు వస్తోంది. కళ్ళజోడు పెట్టుకున్నాక, "గుర్తుంది," అన్నారు. "మర్నాటికే అనుమానం వచ్చింది. అడిగితే చెప్తావేమోనని నీ గది దాకా వచ్చేవాణ్ణి. చెప్తావేమోనని భయపడి వెళ్ళిపోయేవాణ్ణి."

ఆమె కాగితాన్ని మడిచి మళ్ళీ విప్పింది.

"అతన్ని రమ్మని చెప్పమ్మా. నేను పిలిస్తే రాడు. నిన్ను కూతురిలా చూసుకుంటాడు, నువ్వు పిలిస్తే వస్తాడు. ఆ హాలు లైను కూడా అతన్నే తీసెయ్యమను. నేను... వచ్చాక నేనే మాట్లాడతాను."

ఆమె మెట్లు రెండేసి చొప్పున దిగింది. అన్నిరోజుల తరవాత ఆకలి వేసింది.

*

ఫ్యూజు బాబాయి ఇంటికి తాళం ఉంది. మంచు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆమె ఆటో ఎక్కి అక్కడికి వెళ్ళింది. గేటు లోపల నేలంతా తడిగా, కాలు జారేలా ఉంది. మసక వెలుతురులో మంచుదిమ్మలు పొగలు కక్కుతున్నాయి. ఫ్యూజు బాబాయి నిచ్చెన మీద నిలబడి పాత స్విచ్చి బోర్డు విప్పుతున్నాడు. మెడకు మఫ్లరు చుట్టుకున్నాడు.

"అమ్మాయ్! వేళకొచ్చావు. ఆ టార్చి తీసి ఇటు కొట్టు."

ఆమె టార్చి పట్టుకుంది.

"బొమ్మలన్నీ వచ్చాయట కదా? కండక్టరు కనిపించి చెప్పాడు. గట్టిదానివే."

"వచ్చాయి బాబాయ్. నిన్ను కూడా రమ్మంటున్నారు. డైరెక్టరు గారే పంపారు. హాలు లైను నువ్వొచ్చి తీసెయ్యాలట."

"ఆయనే అన్నాడా?" అని నవ్వాడు. స్క్రూ ఒకటి ఊడదీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఆ నవ్వు చూసి ఆమె మనసు తేలికపడింది. ఇక దాచాల్సిందేమీ లేదనిపించింది.

"నేను చెప్పేశాను బాబాయ్. కరెంటు వల్ల కాదని, ఆయనే తొందరపడి నొక్కారని. ఒప్పుకున్నారు కూడా."

స్క్రూడ్రైవరు ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

తరవాత తెలిసిందని అనొచ్చు. నకలు తీశాక తెలిసిందని అనొచ్చు. నమ్ముతాడు.

"ఆరోజే."

"వరండాలో నేనడిగేదానికి ముందా, తరవాతా?"

"ముందే."

ఆయన నోట్లోంచి స్క్రూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. బోర్డు వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఇంకా చూడాలి అన్నావు. పాపం, దీనికింకా ఏమీ తెలియదు, తెలిస్తే చెప్పేది కదా అనుకున్నాను. సైకిలు తొక్కుతూ ఇల్లు చేరేదాకా అదే అనుకున్నాను. ఈ వారమంతా కూడా."

ఎక్కడో నీటిచుక్కలు పడుతున్నాయి. ఆమె "బాబాయ్" అంది.

"ఇక్కడ బానే ఉందిలే అమ్మా. చల్లగా ఉంటుంది. పని కూడా తక్కువే." గొంతులో కోపం లేదు. "ఆ హాలు లైనుకి ఎవరో ఒకరు దొరుకుతారు. మెయిన్ ఆపి తియ్యమను, తొందరపడి చెయ్యి పెట్టేరు."

ఆయన మళ్ళీ బోర్డు మీదకి వంగాడు.

"వెలుతురు కదులుతోంది. రెండు చేతుల్తో పట్టుకో."

ఆమె రెండు చేతులతో పట్టుకుంది.